నేను పాడుచేసిన పదకొండు కత్తులు

ఈమధ్య శని, ఆదివారాలు వస్తే చాలు, టెంటు భుజాన వేసుకుని గుట్టలెక్కే పిల్లలు ఎక్కువయ్యారు. మంచిదే. నేనొకప్పుడు క్యాంపు సామాను చూసేవాడినని తెలిసిన కొందరు మా ఇంటికొచ్చి, "అంకుల్, తక్కువలో మంచి కత్తి ఏది కొనాలి?" అని అడుగుతుంటారు. ఫోనులో బొమ్మలు చూపిస్తారు. ఒకదానికి వీపున రంపపు పళ్లుంటాయి, ఇంకోదాని పిడిలో దిక్సూచి ఉంటుంది. నేను అన్నీ చూసి ఒకటే అడుగుతాను, "దీన్ని తుడిచేది ఎవరు?" అని. వాళ్లు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఎందుకు రాదో చెప్పాలంటే నేను పాడుచేసిన పదకొండు కత్తుల సంగతి చెప్పాలి. వాటితో పాటు ఒక పనిమంతుడి పేరు కూడా దాదాపు పాడుచేశాను.

శంషాబాదులో విమానాలు దిగడం మొదలైన రోజుల్లో నేను పని చేసే పైపుల ఫ్యాక్టరీ మూతపడింది. అందులో ఇరవై ఏళ్లు స్టోర్ కీపర్‌గా చేశాను. యాభై దాటిన వాణ్ణి ఎవరు పిలుస్తారు? అదృష్టం కొద్దీ ఒక క్యాంపుల కంపెనీ వాళ్లు పిలిచారు. వాళ్ల పనేమిటంటే, పెద్ద ఆఫీసుల్లో పనిచేసేవాళ్లను బస్సుల్లో తీసుకొచ్చి, మహేశ్వరం దాటాక ఉన్న రాళ్లగుట్టల్లో రెండు రోజులు ఉంచి, టెంటు వేయడం, పొయ్యి రాజేయడం, తాడు పట్టి బండ ఎక్కడం నేర్పడం. జీతమిచ్చి మరీ మనుషుల్ని ఆరుబయట పడుకోబెడతారని నాకు అప్పుడే తెలిసింది. మా ఊళ్లో అలా పడుకునేవాళ్లను గొర్లకాపరులంటారు. వాళ్లకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు.

నాది స్టోరు. తాళ్లు, టెంట్లు, గిన్నెలు, లాంతర్లు అన్నీ నా చేతి మీదుగా వెళ్లి, నా చేతి మీదుగానే లోపలికి రావాలి. నేర్పేవాళ్లు పన్నెండు మంది. వాళ్లను ట్రైనర్లు అనేవాళ్లం. మా అందరి మీద ఒక మేనేజరు. గోదావరి వైపు మనిషి, ఎవరినీ 'అండీ' లేకుండా పిలిచేవాడు కాదు. మేం ఆయన్ను సార్ అనేవాళ్లం.

ట్రైనర్లకు తలా ఒక కత్తి కావాల్సి వచ్చింది. మడతకత్తి వద్దు, మడిచే చోట ఇసుక చేరి వదులవుతుంది కాబట్టి పిడికి బిగించిన కత్తే కావాలని వాళ్లు పట్టుబట్టారు. సార్ బెంగళూరు వెళ్లినప్పుడు నమూనాకు ఒకటి కొని, చేతిసంచిలో పెట్టుకుని విమానమెక్కబోయారు. అక్కడే తీసేసుకున్నారట. విమానాశ్రయం పక్కన ఆఫీసు పెట్టుకున్న మనిషికి ఆ సంగతి తెలియకపోవడమేమిటని మేం చాలా రోజులు నవ్వుకున్నాం. ఆయన కూడా నవ్వి, ఇక కత్తుల సంగతి మీరే చూడండని నా నెత్తిన పెట్టారు.

నేను బేగంబజారు వెళ్లి చవకలో డజను తెచ్చాను. అద్దంలా మెరిశాయి. వాటిలో చూసుకుని తల దువ్వుకోవచ్చు. రెండో క్యాంపులోనే బండారం బయటపడింది. ఒక ట్రైనర్ ఎండుకట్టె మీద కత్తి ఆనించి, వీపు మీద ఇంకో కట్టెతో కొడుతూ చీలుస్తున్నాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు చూస్తున్నారు. మూడో దెబ్బకు పిడి చేతిలో ఉండిపోయింది, కోసే అలుగు ఎగిరి ఒకామె కాలి పక్కన నేలలో దిగబడింది. జానెడు ఇటైతే ఆమె పాదంలోనే దిగేది.

ఆ సాయంత్రం మిగిలిన కత్తుల పిడులన్నీ సుత్తితో పగలగొట్టి చూశాను. కోపంతో కాదు, లోపల ఏముందో చూడాలని. ప్లాస్టిక్ పిడిలోకి వెళ్లిన ఉక్కు తోక నా చిటికెన వేలంత కూడా లేదు. దాని చుట్టూ జిగురు పోసి ఊరుకున్నారు. పైకి పటారం, లోన లొటారం అంటే ఇదే. ఆ రోజు నుంచి నాకు కత్తుల మీద ఒక రకమైన పిచ్చి పట్టుకుంది. ఎక్కడ కత్తి కనబడినా పిడి తిప్పి చూసేవాణ్ణి. చెరుకు రసం బండివాడు, కొబ్బరిబోండాలవాడు నన్ను వింతగా చూసేవాళ్లు.

అడగ్గా అడగ్గా కాటేదాన్‌లో అడిగితే కత్తి చేసిపెట్టే ఒకాయన ఉన్నాడని తెలిసింది. బిస్కట్ల ఫ్యాక్టరీ వెనక సందులో చిన్న రేకుల షెడ్డు. ప్రెస్సుల్లో కాగితం కోసే మిషన్ల బ్లేడ్లకు సాన పట్టడం ఆయన పని. నా వయసు వాడే. కళ్లద్దాలకు దారం కట్టుకుని ఉన్నాడు. నేను వెళ్లేసరికి నమాజుకు వెళ్లాడని చెబితే బయట బల్ల మీద కూర్చున్నాను. వచ్చాక నా గోడంతా విని, మొదట అడిగింది ధర గురించీ కాదు, ఎన్ని కావాలనీ కాదు.

"దీనితోని ఏం కోస్తరు సాబ్?"

"అన్నీ కోస్తరు."

"అన్నీ కోసేది ఏదీ మంచిగ కొయ్యదు. జర సోంచాయించి చెప్పుండ్రి."

ఆలోచించి చెప్పాను. తాడు, వేలెడు లావు కట్టె, టెంటు మేకులకు వెదురు, వంటకు ఉల్లిగడ్డ. ఆయన తన అరచేయి చాపి నా ముందు పెట్టాడు.

"గింత పొడుగు చాలు. జానెడు కత్తి చూడనీకే బాగుంటది, ఉల్లిగడ్డ కోయనీకే రాదు. వీపు సాఫ్‌గ ఉండాలె, పండ్లు వద్దు. మీరు కట్టెతోని కొట్టేది వీపు మీదనే కద? పండ్లుంటే కట్టె చెక్కుకపోతది. పిడి లోపల ఉక్కు ఈ కొస నుంచి ఆ కొస దాక ఉండాలె. రెండు దిక్కుల చెక్క బెట్టి రివిట్లు కొడ్త. చెక్క ఊడినా కత్తి చేతులనే ఉంటది."

టింబర్ డిపోల్లో దుంగలు కోసే పాత రంపం బ్లేడ్లను తెచ్చి వాటితో చేస్తానన్నాడు. స్టెయిన్‌లెస్ అయితే తుప్పు బాధ ఉండదు కదా అని అడిగాను.

"మంచి స్టెయిన్‌లెస్ మీరిచ్చే ధరల రాదు. చవక స్టెయిన్‌లెస్ పదును పట్టదు, పట్టినా నిలవదు. గిది కార్బన్ ఉక్కు. రాయి మీద జల్ది పదునెక్కుతది, మస్తు రోజులు ఉంటది. ఒకటే లొల్లి. తడి ఉంటే తుప్పు పడ్తది. వాడినంక తుడువాలె, జర నూనె రాయాలె. తోలు ఒరల పెట్టి మరిచిపోవద్దు."

నేను తల ఊపాను. ఇరవై ఏళ్లు స్టోరులో ఉన్నవాడికి తుప్పు గురించి చెబుతున్నాడే అని లోపల కొంచెం నవ్వుకున్నాను కూడా.

ఆ తర్వాత ఏదో ఒక వంకతో వారానికోసారి కాటేదాన్ బస్సెక్కేవాణ్ణి. ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గాజులా గట్టిపడుతుందనీ, అలాగే వదిలేస్తే గాజులాగే విరుగుతుందనీ, అందుకే మళ్లీ సన్నని సెగ చూపిస్తారనీ అక్కడే చూశాను. సాన పట్టడం కూడా ఆయనే నేర్పాడు. నల్ల స్కెచ్ పెన్నుతో అంచుకు రంగు పూసి, రాయి మీద రెండుసార్లు లాగి చూడమన్నాడు. రంగు అంచు కొసన పోతే కత్తి సరిగ్గా పట్టుకున్నట్టు, పైన పోయి కొసన మిగిలితే కత్తిని మరీ పడుకోబెట్టినట్టు. ఇప్పటికీ ఇంతకంటే తేలిక ఉపాయం నాకు తెలియదు. మీరూ చేసి చూడండి.

పన్నెండు కత్తులు వచ్చాయి. పిడుల మీద ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు చెక్కాడు. అలుగు మొదట్లో తన గుర్తుగా చిన్న నెలవంక కొట్టాడు. వాడాక తుడిచి నూనె రాయమని చెప్పి పంచితే, ట్రైనర్లు వాటిని చూసి మొదట పెదవి విరిచారు. మెరుపు లేదు, రంగు లేదు. నెల తిరిగేసరికి ఎవరి కత్తి వాళ్లు ఇంకొకరికి ఇవ్వడం మానేశారు. ఐదు నెలలు వాటి మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. సార్‌కు కూడా నమ్మకం కుదిరి, మిగతా ఊళ్లలో ఉన్న మా క్యాంపులకు అరవై కత్తులు చేయిద్దామని పై ఆఫీసుకు రాశారు. ఆ మాట నేనే వెళ్లి కాటేదాన్‌లో చెప్పాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నిజంగనా సాబ్? ఇప్పుడు మిషన్ బ్లేడ్లు బయటికెల్లి తయారైనయే వస్తున్నయి. సాన పట్టిచ్చుకునేటోళ్లు తగ్గిన్రు. షెడ్డు ఎత్తేద్దామనుకుంటున్న. గీ అరవై వడితే ఇగ కత్తులే చేస్త. నా పేరు మీద నాలుగు ఊర్ల కత్తి ఉంటదంటే మామూలు సంగతా?" అన్నాడు. ఆ రోజు నాకు చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కట్లు కూడా తెప్పించాడు.

ఇంతలో దసరా వచ్చింది.

స్టోర్ కీపరుకు దసరా అంటే ఆయుధపూజ. ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు లేతు మిషన్లకు, పానాలకు పూజ చేసిన చేయి నాది. పండుగ ముందు రోజు కత్తులన్నీ స్టోరులో అప్పగించమని చెప్పాను. పదకొండు వచ్చాయి. ఏడో నంబరు రాలేదు. ఆ కత్తి ఉన్న అమ్మాయి మహేశ్వరం పక్క ఊరి రైతుల ఇంటి పిల్ల, మా పన్నెండు మందిలో బండ ఎక్కడంలో అందరికంటే గట్టిది. సద్దుల బతుకమ్మకని ఊరికి పోతూ కత్తి నడుముకే ఉంచుకుని వెళ్లిపోయింది. నేను రిజిస్టర్లో ఎర్ర సిరాతో రాసి, ఫోను చేసి బాగా తిట్టాను. "మరిచిపోయిన అన్నా, పండుగైనంక తెస్త" అంది.

పూజ ఘనంగా చేశాం. కత్తులను కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టాం. సార్ స్వయంగా హారతి ఇచ్చారు. అందరూ ఫొటోలు దిగారు. జమ్మి ఆకు చేతిలో పెట్టుకుని అలయ్ బలయ్ అంటూ కౌగిలించుకున్నాం. కత్తులు ఒరల్లో పెట్టి, ఇనుప బీరువాకు తాళం వేసి నేను ఇంటికి వచ్చాను. సెలవుల తర్వాత వానలు పట్టుకున్నాయి. రెండు వారాలు క్యాంపు లేదు.

బీరువా తెరిచిన రోజు మొదటి కత్తి ఒరలోంచి రాలేదు. గట్టిగా లాగితే కరకరమంటూ వచ్చింది. గోధుమరంగు తుప్పు. రెండోదీ అంతే. పదకొండూ అంతే. గోకితే పొడి రాలి, కింద ఉక్కులో గుంటలు కనిపించాయి. సార్ వచ్చి చూసి, "ఇదేమిటండీ, ఆరు నెలలు కూడా కాలేదు. ఎందుకిలా అయ్యాయంటారు?" అని నన్నే అడిగారు.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఉక్కు మంచిది కాదేమో సార్," అన్నాను. ఆరేడుగురు ట్రైనర్లు అక్కడే నిలబడి విన్నారు. ఎక్కడా తడబడకుండా ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఈరోజుకీ నాకు ఆశ్చర్యమే.

మర్నాడు పొద్దున సార్ కాటేదాన్ ఆయన్ను పిలిపించారు. బల్ల మీద పదకొండు కత్తులు వరసగా పెట్టారు. ట్రైనర్లు చుట్టూ ఉన్నారు. ఆయన ఒక్కొక్కటి తీసి వెలుతురుకు తిప్పి చూశాడు. ఒక ఒర మూతి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత తలెత్తి నా వైపు చూశాడు. కొంచెంసేపు అలాగే చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. పైన విమానం ఒకటి దిగుతూ మోత పెడుతోంది. అది పోయేదాకా అందరం ఆగాం.

"పాత రంపం ఉక్కండీ ఇది. అందుకే ఇలా అయిందని మావాళ్లంటున్నారు. మీరేమంటారు?" అన్నారు సార్.

"నేనేమంట సాబ్. వాపస్ తీస్కపోత," అన్నాడాయన. పదకొండు కత్తులూ, వాటి ఒరలూ గోనెసంచిలో వేసుకుని బస్టాండు వైపు నడిచాడు. ఆ మధ్యాహ్నమే సార్ అరవై కత్తులు వద్దని, కాటేదాన్ ఉక్కు పనికిరాదని పై ఆఫీసుకు రాసేశారు.

నన్ను ఒక్కటే తొలిచింది. ఆ మనిషి ఎందుకు వాదించలేదు? మనం ఒక మాట అంటే, పనిమంతుడు తన పని గురించి పది మాటలు అనాలి. నాతో గంటలు గంటలు ఉక్కు గురించి మాట్లాడిన మనిషి ఒర వాసన చూసి ఊరుకోవడమేమిటి?

ఆ మరుసటి రోజు ఏడో నంబరు అమ్మాయి వచ్చింది. కత్తి నా బల్ల మీద పెట్టి, తిట్లు తినడానికి సిద్ధంగా నిలబడింది. నేను తిట్టడం మరిచిపోయాను. కత్తి మబ్బురంగులోకి తిరిగింది కానీ చుక్క తుప్పు లేదు. కాగితం అంచు మీద పెడితే దానంతటదే కోసుకుంటూ పోయింది.

"దీనితోని ఏం చేసినవమ్మా?"

"ఏం జేస్త అన్నా. బతుకమ్మకు తంగేడు పూలు కోసిన, గునుగు పూలు కోసిన. మా అమ్మకు చిక్కుడుకాయ తెంపిచ్చిన."

"ఏం రాసినవ్?"

"కొత్తగ ఏం రాయలే. పని అయినంక చున్నీకి తుడిచి, తలకు పెట్టుకునే కొబ్బరినూనె ఇంత రాసిన. మీరే కద చెప్పింది. అవునన్నా, మిగతావి ఖరాబైనయంట?"

"ఉక్కు మంచిది కాదు."

"గిదీ గదే ఉక్కు కద?" అని కత్తి వైపు చూసింది. తర్వాత నవ్వింది. "నాది ఒక్కటే మీ పూజకు రాలే. గందుకే దీనికి ఏం గాలే."

ఆమె సరదాకే అంది. నేను మాత్రం స్టూలు మీద కూర్చుండిపోయాను. పూజ రోజు నేను చేసినవన్నీ ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. దేవుడి ముందు జిడ్డు బాగుండదని కత్తులకున్న నూనెను సబ్బుతో కడిగింది నేనే. తడి పసుపు మెత్తి, ఒక్కో అలుగు మీద మూడేసి కుంకుమ బొట్లు పెట్టింది నేనే. ప్రతి కత్తి మొనకూ ఒక నిమ్మకాయ గుచ్చింది నేనే. ఒకతను తుడవబోతే, పూజ చేసిన బొట్టు తుడవకూడదని చేయి పట్టుకుని ఆపిందీ నేనే. ఆ తడితోనే తోలు ఒరల్లోకి తోసి తాళం వేశాను. ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు ఏమీ కాలేదంటే, అక్కడి ఇనుము నిండా గ్రీజు ఉండేది. నా పసుపు ఏనాడూ ఇనుమును తాకలేదు.

అయినా మనసు ఒప్పుకోలేదు. ఇంటికి వెళితే మా ఆవిడ కత్తిపీట ముందేసుకుని వంకాయలు కోస్తోంది. మా దగ్గర దాన్ని ఈలపీట అంటారు. ఏమీ ఎరగనట్టు అడిగాను.

"నిమ్మకాయ కోసి దాన్ని కడగకుంటే ఏమైతది?"

"ఏమైతది, నల్లగైతది. పొద్దటికి ఎర్రగైతది. గిప్పుడెందుకు?"

"మరి దసరాకు నువ్వు దీనికి బొట్టు పెడ్తవు కద?"

"పెడ్త. చెక్కకు పెడ్త," అని కింద పీట చూపించింది. "ఇనుముకెవరన్న పెడ్తరా? మా అమ్మ గిట్లనే పెడ్తుండె."

ముప్పై ఏళ్లుగా నా ఇంట్లో ప్రతి దసరాకూ ఆ బొట్టు చెక్క మీదే ఉంది. నేను ఒక్కసారీ చూడలేదు.

ఇప్పుడు మీతో అబద్ధమాడను. తెలిసిన వెంటనే పరుగెత్తి చెప్పలేదు. రెండు రోజులు నోరు మూసుకుని తిరిగాను. నాది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం, అదే నెలలో పొడిగించాలి. పదకొండు కత్తులు పాడుచేసి పక్కవాడి మీదకు తోసిన స్టోర్ కీపర్ను ఎవరు ఉంచుకుంటారు? పైగా పూజ వల్ల పాడయ్యాయంటే వినేవాళ్లు ఏమనుకుంటారోనని ఒక భయం. కానీ ఆ చూపు వదల్లేదు. ఒర వాసన చూసి నా వైపు చూసిన చూపు. మూడో రోజు కాటేదాన్ బస్సెక్కాను.

ఆయన సాన మిషన్ ఆపి, ఏమీ జరగనట్టే బల్ల చూపించాడు. కత్తులన్నీ మూలన చెక్క మీద పరిచి ఉన్నాయి. తుప్పు గీకేసి ఉంది. అప్పుడు కనబడింది నాకు. ప్రతి అలుగు మీద, నెలవంక గుర్తు పక్కన, ఒకే చోట మూడు గుంటలు. పదకొండింటి మీదా మూడేసి, కొలిచి పెట్టినట్టు. మొనలన్నీ కొరికినట్టు తినేసి ఉన్నాయి. ఒరల కుట్లు విప్పి పెట్టాడు. దారాల సందుల్లో ఇంకా పసుపు ఉంది.

"ఆ రోజే ఎరుకైందా?" అన్నాను.

"ఒర వాసన చూస్తెనే ఎరుకైంది సాబ్. పసుపు, నిమ్మకాయ."

"మరి ఎందుకు చెప్పలే?"

ఆయన ఒక గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. "ఎట్ల చెప్త? మీ పూజతోని కత్తులు పోయినయని నేను అంటే బాగుంటదా? పది మంది ఉన్నరు ఆడ. ఒకలు ఒక తీరు అనుకుంటరు, ఇంకొకలు ఇంకో తీరు. కత్తులు పోతే మళ్ల చేస్త. గా మాట తిరుగుడు మొదలైతే నేనేం చేస్త?" గుడ్డ పక్కన పెట్టి అన్నాడు, "మీరు చెప్తరేమో అని జర సేపు చూసిన."

సిగ్గుతో చచ్చిపోయాననే మాట ఊరికే వాడుతుంటాం కానీ, ఆ షెడ్డులో నాకు అది నిజంగా తెలిసింది. నాకు అప్పటికి తెలియదు అని చెప్పుకోవచ్చు. తెలియకుండానే ఉక్కు మీదకు తోసేశానని కూడా చెప్పాలి కదా మరి.

మర్నాడు పొద్దున ట్రైనర్లంతా వరసలో నిలబడే వేళకు వెళ్లాను. పది మందిలో అన్న మాటను పది మందిలోనే వెనక్కు తీసుకోవాలనిపించింది. సార్ అనుమతి అడిగి, జరిగిందంతా చెప్పాను. సబ్బు దగ్గర నుంచి నిమ్మకాయ దాకా చెప్పాను. వెనక నుంచి ఒకతను, "అంటే పూజ చెయ్యొద్దా అన్నా?" అన్నాడు.

"చెయ్యాలె. తుడవొద్దని దేవుడు అన్లే. నేనన్న," అన్నాను.

సార్ నన్ను లోపలికి పిలిచారు. "ఇది పై ఆఫీసుకు రాయాలండీ. మీ పేరుతోనే రాయాల్సి వస్తుంది," అన్నారు. నా పేరుతోనే రాయండి అన్నాను. నా చేతే రాయించుకుని, కింద ఆయన సంతకం పెట్టారు. ఇంకో మాట కూడా అన్నారు. "హారతి ఇచ్చింది నేనేనండీ. నాకూ తట్టలేదు," అని. మంచి మనిషి.

రాసిన కాగితం ఆలస్యంగా చేరింది. అరవై కత్తులు అప్పటికే ఇంకెవరికో ఇచ్చేశారు. నేను నోరు మూసుకున్న ఆ రెండు రోజుల్లోనే ఇచ్చారని తర్వాత తెలిసింది. సార్ పట్టుబట్టి మా క్యాంపుకు పదకొండు మళ్లీ చేయించారు. తర్వాతి ఏడాది ఇంకో ఊరి క్యాంపుకు ఇరవై వెళ్లాయి. నాలుగు ఊళ్ల మాట నిజం కాలేదు. షెడ్డు మాత్రం ఎత్తేయలేదు. సగం బ్లేడ్లకు, సగం కత్తులకు నడిచింది. నా ఉద్యోగం పోలేదు కానీ, మూడు నెలలు స్టోరు తాళాలు తీసుకుని గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చే బస్సుల నంబర్లు రాసుకుంటూ, విమానాలు లెక్కపెట్టుకుంటూ గడిపాను. ఏడో నంబరు అమ్మాయి గేటు దాటినప్పుడల్లా కత్తి తీసి చూపించి, "తుడిచిన అన్నా" అని వెళ్లేది. ఎగతాళో, మర్యాదో తేల్చుకోలేకపోయాను.

మరుసటి దసరాకు తాళాలు మళ్లీ నా చేతికొచ్చాయి. అలుగులకు నూనె అలాగే ఉంచి, బొట్టు పిడి చెక్కకు పెట్టాను. నిమ్మకాయలను పళ్లెంలో పెట్టాను. హారతి అయ్యాక కత్తులను ఒరల్లో పెట్టకుండా బీరువాలో విడిగా పరిచాను. ఇప్పటికీ మీకు చెప్పేది అదే. చాలాకాలం వాడనప్పుడు తోలు ఒరలో కత్తి ఉంచకండి. తోలు తడిని పట్టి పెడుతుంది.

2014లో నేను పని మానేసిన రోజు క్యాంపులో శాలువా కప్పారు. కాటేదాన్ ఆయన కూడా వచ్చాడు. ఎవరు పిలిచారో తెలియదు. వెళ్లబోయే ముందు పాత గుడ్డలో చుట్టిన కత్తి నా చేతిలో పెట్టాడు. విప్పితే పాడైన పదకొండింటిలో ఒకటి. మొన కొత్తగా దిద్ది, అంచుకు పదును పెట్టి ఉంది. నెలవంక పక్కన మూడు గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి.

"పదింటిని అరగదీసి గుంటలు తీసేసిన సాబ్. దీనిది తీయలే."

"నా తప్పు నాకు గుర్తుండాలెనని ఇస్తున్నవా?" అన్నాను.

"మీదొక్కటే కాదు. మీరు తెల్వక అన్నరు. నేను తెలిసి ఊకున్న," అన్నాడు. "మీరు వచ్చి చెప్పకపోతే, షెడ్డుకు తాళమేసి ఊకుంటుంటి. ఎవరినీ ఒక్క మాట అడగకపోతుంటి."

ఇప్పుడు ఆ కత్తి మా వంటింట్లో ఉంటుంది. ఈ పొద్దున మా ఆవిడ దానితో నిమ్మకాయ కోసి, "గిది తుడిచేది ఎవరు?" అని కేకేసింది. నేనే లేచి వెళ్లాను. కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆ మూడు గుంటల్లో తడి ఉండిపోకుండా గుడ్డ కొస పెట్టి తిప్పి, ఒక చుక్క కొబ్బరినూనె రాసి పెట్టాను.